అవ్వకొక మంచి ఫోటో: ఇంట్లోనే, తలవాకిలి వెలుగులో ఎలా తీయాలి

మా అవ్వవి ఇంట్లో రెండే ఫోటోలు ఉండేవి. ఒకటి ఆధార్ కార్డు మీదది. రెండోది మా చిన్నాయన పెళ్లిలో తీసింది. అందులో గుంపు వెనక వరసలో నిలబడి ఉంటుంది, సగం ముఖానికి ఎవరిదో భుజం అడ్డం. అందుకని పోయిన ఏడాది కడపలోనే ఒక స్టూడియోకు పిల్చుకుపోయి ఫోటో తీయించినాను. నాలుగు రోజులకు ప్రింటు చేతికిచ్చినారు. ముఖం నున్నగా, తెల్లగా ఉంది. నుదుటి మీద పచ్చబొట్టు తీసేసినారు. చెంపల మీద ముడతలు తీసేసినారు. అవ్వ ఆ ఫోటోను దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, "ఎవురే పాపా ఈమె?" అని అడిగింది.

ఆ మాట నన్ను చాన్నాళ్ళు వదల్లేదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పోయినాక గోడకు పెట్టడానికి ఫోటో వెతికితే చాలాసార్లు దొరికేది ఆధార్ ఫోటోనే. దాన్నే పెద్దది చేయించి దండ వేస్తాం. అంతకంటే మంచిది, వాళ్ళు మన ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నప్పుడే తీసుకోవచ్చు. స్టూడియో అక్కర్లేదు, పెద్ద కెమెరా అక్కర్లేదు, లైట్లు కొననక్కర్లేదు. ఫోన్, ఒక తెల్ల పంచె, ఒక కుర్చీ, ఒక తలవాకిలి చాలు. నేను అవ్వ కోసం నేర్చుకున్న పద్ధతి ఇది. పసిబిడ్డ ఫోటోకైనా, సంబంధాలకు పంపే ఫోటోకైనా, ఇంట్లో కుట్టిన జాకెట్లు వాట్సాప్‌లో పెట్టి అమ్ముకోవడానికైనా ఇదే పనికొస్తుంది.

మొదటి రోజు ఫోన్ తీయొద్దు

చాలామంది ముందు ఫోన్ పట్టుకుంటారు, తర్వాత మనిషిని ఎక్కడ నిలబెట్టాలా అని ఇల్లంతా తిరుగుతారు. మీరు వరస మార్చండి. ముందు వెలుగు ఎక్కడుందో తెలుసుకోండి.

కడపలో వెలుగుకు కొదవ లేదు. అది మరీ ఎక్కువ కావడమే మన కష్టం. నేను తీసిన మొదటి ఫోటోలన్నీ మిద్దె మీద, మధ్యాహ్నం పూట తీసినవి. వెలుతురు బాగుంటుంది కదా అనుకున్నాను. కళ్ళు రెండు నల్ల గుంతలైనాయి, ముక్కు కింద మీసం గీసినట్టు నీడ పడింది, ఎండకు కళ్ళు చిట్లించుకోవడంతో నుదురంతా ముడుచుకుపోయింది. వెలుగు వచ్చే చోటు పెద్దదైతే నీడ అంచు మెత్తగా ఉంటుంది, చిన్నదైతే కత్తితో కోసినట్టు ఉంటుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మనకు కనబడేది బొట్టుబిళ్ళంతే, అందుకే ఎండలో నీడ అంత కటువు. అదే ఎండ వాకిట్లో పడి, ఎదురింటి గోడకు తగిలి, తలవాకిలి గుండా లోపలికి వచ్చేసరికి ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న వెలుగుగా మారుతుంది. ముఖానికి కావలసింది ఆ వెలుగే.

ఒక సెలవు రోజు మీ అరచేతిని ముఖం ముందు పెట్టుకుని ఇల్లంతా నిదానంగా తిరగండి. వేళ్ళు కొంచెం విడదీసి ఉంచండి. ఒక వేలి నీడ పక్క వేలి మీద ఎలా పడుతుందో చూడండి. నీడ అంచు కనబడీ కనబడకుండా కరిగిపోతుంటే అది మంచి చోటు. గీత గీసినట్టు ఉంటే కాదు. అసలు నీడే లేకపోతే అక్కడ ముఖం చప్పగా, అప్పడంలా వస్తుంది. పొద్దున 8కి ఒకసారి, 10కి ఒకసారి, సాయంత్రం 4కి ఒకసారి ఇలా తిరిగితే మీ ఇంటి వెలుగు మీకు తెలిసిపోతుంది. పాత మిద్దె ఇల్లయితే గవాక్షి కింద, అంటే మిద్దె కప్పులో వెలుగు కోసం వదిలిన కంత కింద కూడా చూడండి. పైనుంచి నేరుగా పడే వెలుగు ముఖానికి మంచిది కాదు గాని, వస్తువుల ఫోటోలకు బాగుంటుంది.

వాకిలి ఏ దిక్కుకు ఉందనేది ముఖ్యం. తూర్పు వాకిలైతే పొద్దున్నే ఎండ నేరుగా లోపలికి వస్తుంది, అది గడప దాటి వెనక్కి పోయేదాకా ఆగండి. మా ఇంట్లో అది తొమ్మిదిన్నర, పది ప్రాంతం. పడమటి వాకిలైతే పొద్దుటి పూటంతా మీదే. దక్షిణపు వాకిలికి చలికాలంలో ఎండ లోపలికి చాలా దూరం చొచ్చుకొస్తుంది. ఉత్తరం వాకిలి, ఉత్తరం కిటికీ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడ ఎండ పడదు, వెలుగు మాత్రమే వస్తుంది. కాకపోతే మనం 14న్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. ఏప్రిల్ ఆఖరులో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వచ్చి, అక్కడినుంచి ఉత్తరానికి దాటిపోయి, మళ్ళీ ఆగస్టు నడిమికి గాని తిరిగి రాడు. ఆ మూడున్నర నెలలు ఉత్తరపు కిటికీలోకి కూడా పొద్దునా సాయంత్రమూ ఎండ ఏటవాలుగా పడుతుంది. ఎక్కడో చలిదేశాల్లో ఉన్నవాళ్ళు చెప్పే "ఉత్తరపు కిటికీ వెలుగు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది" అనే మాట మే నెలలో మనకు చెల్లదు.

ఎండ నేరుగా పడే కిటికీ ఒక్కటే ఉంటే దిగులు లేదు. పల్చటి తెల్ల పంచెను ఒక పొరగా కిటికీకి అడ్డం కట్టండి. పంచె మొత్తం వెలుగుతుంది, కిటికీ అంత పెద్ద మెత్తటి దీపం తయారవుతుంది. అంచు రంగు ముఖం ఎత్తులోకి రాకుండా పైకో కిందికో మడవండి.

కూర్చోబెట్టే చోటు

గడపకు రెండు మూడు అడుగుల లోపల కుర్చీ వేయండి. మనిషి పూర్తిగా వాకిలికి ఎదురుగా కాకుండా, కొంచెం పక్కకు తిరిగి కూర్చోవాలి. ఒక చెంప వెలుగులో, రెండో చెంప సగం నీడలో ఉండాలి. ముసలివాళ్ళ ముఖానికి ఈ పక్క వెలుగు ఎంత న్యాయం చేస్తుందో చెప్పలేను. ప్రతి ముడతకూ ఒక చిన్న నీడ, ఒక చిన్న వెలుగు వస్తాయి. పచ్చబొట్టు ఆకుపచ్చ చుక్కలు లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు దగ్గరికి పోయి కళ్ళలోకి చూడండి. నల్లగుడ్డు మీద తలవాకిలి చిన్న తెల్లటి దీర్ఘచతురస్రంలా కనబడాలి. మా అవ్వ కంట్లో అయితే ఆ వాకిలి, దాని అవతల వేపచెట్టు, వేపచెట్టు కింద కట్టేసిన బర్రె కూడా కనబడింది. ఆ తెల్ల మెరుపు లేకపోతే ఎంత మంచి ఫోటో అయినా కళ్ళు ఆరిపోయినట్టు ఉంటాయి. కనబడకపోతే గడ్డం కొంచెం పైకెత్తమనండి, లేదా కుర్చీని వాకిలి వైపు ఒక జానెడు తిప్పండి. ఈ ఒక్కటీ చూసుకుంటే సగం పని అయినట్టే.

కుర్చీ వాకిలికి ఎంత దగ్గరగా ఉంటే వెనక గది అంత చీకటిగా వస్తుంది. వాకిలికి దూరమయ్యే కొద్దీ వెలుగు గబగబా తగ్గిపోతుంది గనుక, మనిషి మూడడుగుల్లోనూ గోడ పన్నెండడుగుల్లోనూ ఉంటే, ముఖానికి సరిపోయేలా తీసిన ఫోటోలో గోడ దాదాపు మాయమవుతుంది. వెనక బీరువా, గ్యాస్ సిలిండరు, దండెం మీద బట్టలు ఉన్నా చీకట్లో కలిసిపోతాయి. ఇల్లు సర్దే తీరిక లేనివాళ్ళకు నేను చెప్పేది ఇదే: తెర కట్టే ముందు కుర్చీని వాకిలి దగ్గరికి జరిపి చూడండి.

కడప బండల సంగతి

ఇది ఎవరూ చెప్పకపోతే నేను నా ఇంట్లో తంటాలు పడి కనిపెట్టినాను. మన ఇళ్ళలో నేల నల్ల బండలు. ముంబైలో వంటింటి గట్టుకు వేసే నల్ల రాతిని మన ఊరి పేరుతోనే కడప్పా అంటారు, అదే రాయి. చల్లగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, కానీ వెలుగును మింగేస్తుంది. తెల్ల గచ్చు ఉన్న ఇంట్లో వాకిలి నుంచి వచ్చిన వెలుగు నేలకు తగిలి పైకి లేచి గడ్డం కింద, కళ్ళ కింద నీడల్ని కొంచెం నింపుతుంది. మన నల్ల బండ ఆ వెలుగును తిరిగి ఇవ్వదు. అందుకే మన ఇంటి ఫోటోల్లో గడ్డం కింద అంత నలుపు.

మందు చాలా సులువు. కుర్చీ ముందు, ఫోటోలో పడనంత వరకు, తెల్ల పంచె నాలుగు మడతలు వేసి నేల మీద పరవండి. ఒకసారి పరిచి, ఒకసారి తీసేసి ముఖాన్ని చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఇంకా కావాలంటే నీడ వైపు చెంపకు రెండు మూడడుగుల దూరంలో తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. స్టేషనరీ అంగళ్ళలో దొరుకుతుంది. పట్టుకోవడానికి ఇంట్లో ఎవరో ఒక పిల్లవాణ్ణి పిలవండి, వాడికి కూడా పని నేర్పినట్టవుతుంది. చెంప మీద నీడ పూర్తిగా పోకూడదు, తగ్గాలి అంతే. అట్టకు వంటింటి అల్యూమినియం రేకు అంటించి వాడేవాళ్ళున్నారు గాని, ముసలివాళ్ళ కళ్ళకు ఆ తళుకు గుచ్చుకుంటుంది. నేను వాడను.

అదే నల్ల బండ వస్తువుల ఫోటోలకు మాత్రం వరం. విడి బండ ముక్క ఒకటి ఉంటే కడిగి, తుడిచి, కిటికీ పక్కన పెట్టండి. దాని మీద రాగి సంగటి, పక్కన ఎర్ర కారం, లేదా వెండి పట్టీలు పెట్టి చూడండి. నలుపు మీద రంగులు ఎంత నిండుగా వస్తాయో.

గోడల రంగు కూడా చూసుకోవాలి. పచ్చ గోడ పక్కన కూర్చుంటే చెంప పచ్చబారుతుంది, నీలిమందు కలిపిన సున్నం గోడ పక్కన నీలంగా కనబడుతుంది. ఫోన్‌లో ఆ రంగు తీయడం కష్టం, ఎందుకంటే అది ఒక చెంపకే అంటుకుని ఉంటుంది. అట్లాంటి గోడకు నాలుగడుగులు దూరం జరగండి, లేదా దాని మీద తెల్ల దుప్పటి వేయండి.

వెనక ఏముండాలి, ఏం కట్టుకోవాలి

దుప్పటిని తెరగా కడితే ఇస్త్రీ చేసి కట్టండి. ముడతలు పక్క వెలుగులో ముఖం మీది ముడతల కంటే స్పష్టంగా కనబడతాయి. దండెం తాడుకు క్లిప్పులు పెట్టి, కింద రెండు బరువులు కట్టి బిగువుగా లాగండి. మనిషికీ తెరకూ మధ్య కనీసం నాలుగడుగులు ఉండాలి, అప్పుడే నీడ తెర మీద పడదు. రంగు మట్టి రంగో, బూడిద రంగో, ముదురు ఆకుపచ్చో అయితే మన ఒంటి రంగుకు బాగా నప్పుతుంది. తళతళలాడే తెల్ల తెర మాత్రం వద్దు, దాని కారణం కెమెరా దగ్గర చెప్తాను.

నిజానికి నాకు తెర కంటే ఇల్లే ఇష్టం. పాత చెక్క తలుపు, గూట్లో దీపపు బుడ్డి, పసుపు రాసిన గడప. ఇవి వెనక ఉంటే ఫోటో చూసిన మనవలకు ఆ ఇల్లు కూడా గుర్తుంటుంది. ఒక్క వస్తువు ఉండనీయండి, ఐదు వద్దు. క్యాలెండరు, ప్లాస్టిక్ కవర్లు, స్విచ్ బోర్డు, తల వెనక నుంచి కొమ్ములా లేచే ఫ్యాను రాడ్ లేకుండా చూసుకోండి.

బట్టల విషయంలో ఒకటే మాట. రోజూ కట్టుకునేదే ఉతికి కట్టుకోమనండి. పట్టుచీరే కట్టుకోవాలని ముచ్చటపడితే కట్టుకోనివ్వండి, అది వాళ్ళ ఫోటో. ధర్మవరం చీర జరీ ఎదురుగా పడే ఫ్లాష్‌లో తెల్లటి మచ్చలా కాలిపోతుంది, పక్క నుంచి వచ్చే వాకిలి వెలుగులో మాత్రం బంగారు రంగులోనే నిలుస్తుంది. అందుకని ఫ్లాష్ ఆపేయండి, ఎప్పుడూ ఆపే ఉంచండి.

ఫోన్‌లో చూసుకోవలసినవి

ముందు లెన్స్ తుడవండి. మెత్తటి నూలు గుడ్డతో, నోటి ఆవిరి పట్టించి. ఫోటో మసకగా, వెలుగు చుట్టూ పొగమంచులా వస్తే పదింట తొమ్మిదిసార్లు కారణం వేలిముద్రే అని నా అనుభవం.

బ్యూటీ మోడ్ తీసేయండి. చాలా ఫోన్లలో అది మనకు చెప్పకుండానే కొంత పనిచేస్తూ ఉంటుంది, సెట్టింగ్స్‌లోకి పోయి సున్నాకు తీసుకురండి. లేకపోతే స్టూడియోవాళ్ళు మా అవ్వకు చేసిందే మీ ఫోన్ మీ అవ్వకు చేస్తుంది.

దూరం నుంచి తీయండి. ఫోన్ల మామూలు కెమెరా విశాలంగా చూసే రకం. రెండడుగుల దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. ఐదారడుగులు వెనక్కి జరిగి, 2ఎక్స్ జూమ్ నొక్కి తీస్తే ముఖం మనం కంటితో చూసినట్టే ఉంటుంది. పోర్ట్రెయిట్ మోడ్ వెనక భాగాన్ని మసక చేస్తుంది గాని, నెరిసిన వెంట్రుకల్ని, కమ్మల వేలాడే గొలుసుల్ని, కొప్పులో కనకాంబరాలను అంచుల దగ్గర కత్తిరించేస్తుంది. అందులో రెండు తీసుకున్నా, మామూలు మోడ్‌లో పది తీసుకోండి.

ఇక వెలుగు కొలత. ఫోన్ ఎంత తెలివైనదైనా దానికి ఒక గుడ్డి నమ్మకం ఉంటుంది: ఎదుట ఉన్నదంతా కలిపితే మధ్యరకం బూడిద రంగు రావాలని. తెల్ల తెర ముందు నల్లటి మనిషిని కూర్చోబెడితే, తెరను బూడిద చేయబోయి ముఖాన్ని బొగ్గు చేస్తుంది. చీకటి గది ముందు కూర్చోబెడితే, గదిని వెలిగించబోయి ముఖాన్ని సున్నం చేస్తుంది. మన ఒంటి రంగు ఉన్నది ఉన్నట్టు రావాలంటే ఫోన్ తెర మీద ముఖం దగ్గర వేలు పెట్టి కాసేపు నొక్కి పట్టుకోండి, కొలత అక్కడ స్థిరపడుతుంది. పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకీ కిందికీ జరిపి, మనిషిని ఒకసారి, ఫోన్ తెరను ఒకసారి చూస్తూ సరిచేయండి. నుదుటి మీద మెరిసే చోట కూడా చర్మం కనబడుతూ ఉండాలి, తెల్లగా కాలిపోకూడదు. ఏ వైపైనా పొరపాటు పడాలంటే కొంచెం చీకటి వైపే పడండి. చీకటైన ముఖాన్ని తర్వాత వెలిగించవచ్చు, కాలిపోయిన చోట వెలిగించడానికి ఏమీ మిగలదు.

పగలు తీసేటప్పుడు ఇంట్లో లైట్లన్నీ ఆర్పేయండి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు: పసుపు బల్బు వెలుగు 2700 కెల్విన్, పగటి వెలుగు 5500 దరిదాపు, తెల్ల ట్యూబ్‌లైట్ 6500. కంటికి మూడూ తెలుపే అనిపిస్తాయి. ఫోటోలో ఒక చెంప పసుపు పూసినట్టు, ఇంకొకటి చలికి నీలబడినట్టు వస్తుంది.

రాత్రి తీయక తప్పకపోతే ఒక ట్యూబ్‌లైట్ మాత్రం ఉంచి, మనిషిని దానికి దగ్గరగా, పక్కగా నిలబెట్టండి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దాంతో కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఫోటోలో అడ్డచారలు కనబడితే, కొలతలు మన చేత్తో మార్చుకోనిచ్చే ప్రో మోడ్‌లోకి పోయి షట్టర్‌ను (కెమెరాలోకి వెలుగు పడనిచ్చే సమయాన్ని) సెకనులో 1/50 వంతు గాని 1/100 వంతు గాని పెట్టండి, పోతాయి. అయినా పొద్దున దాకా ఆగగలిగితే ఆగడమే మేలు.

ట్రైపాడ్ లేకపోతే నీళ్ళ బిందె బోర్లించి, దాని మీద డబ్బాలు పేర్చి, పైన అరకిలో రాగులు పోసి కట్టిన గుడ్డసంచి పెట్టండి. సంచిలో ఫోన్ కూరుకుని కదలకుండా కూర్చుంటుంది, ఏ వాలుకైనా తిప్పుకోవచ్చు. ఎత్తు మాత్రం కూర్చున్న మనిషి కంటికి సరిగ్గా ఉండాలి. పైనుంచి తీస్తే మనిషి చిన్నబోతుంది, మరీ కింది నుంచి తీస్తే ముక్కురంధ్రాలే కనబడతాయి. మిమ్మల్ని మీరే తీసుకుంటుంటే 10 సెకన్ల టైమరు పెట్టండి. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చాలా ఫోన్లలో దాని వాల్యూమ్ బటనే క్లిక్ బటన్‌గా పనిచేస్తుంది.

ఎండాకాలం ఇంకో జాగ్రత్త. వాకిట్లో ఎండ తగిలే చోట ఫోన్ పెట్టి వదిలేస్తే పది నిమిషాల్లో వేడెక్కి, తెర మసకబారి, కెమెరా మూసుకుపోతుంది. మన ఊరి మే నెల సంగతి తెలిసిందే. నీడలోనే ఉంచండి. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల తేమ పడుతుంది. కవర్ తీసి ఫ్యాను కింద పెట్టండి.

ఇంత చేసినాక అసలు పని

మనిషి. ఇక్కడికి వచ్చేసరికి చాలామంది తొందరపడతారు. కుర్చీలో కూర్చోబెట్టి "నవ్వు అవ్వా" అంటే ఆమె ఆధార్ సెంటర్లో కూర్చున్నట్టే బిగుసుకుపోతుంది. మా అవ్వ మొదటిసారి అన్న మాట, "నాకేంటికే ఫోటోలు ఈ వయసులో? పోయి మీ చెల్లెల్ని తీసుకోపో." నేను ఫోన్ బిందె మీదే వదిలేసి చాటలో శెనక్కాయలు తెచ్చి ఒడిలో పెట్టినాను. చేతులకు పని దొరికింది. శెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టగానే భుజాలు దిగినాయి.

చేతులకు పని ఇవ్వండి. పూలు కట్టడం, బియ్యం ఏరడం, తమలపాకుకు సున్నం రాయడం, పేపరు చదవడం. అబ్బ (తాత) అయితే కళ్ళద్దాలు పంచె కొంగుతో తుడుచుకోవడమే చాలు. మీరు ఫోన్ వెనక దాక్కోకుండా, దాని పక్కన కూర్చుని మాట్లాడండి. అవునూ కాదూ అని తేలిపోయే ప్రశ్నలు వద్దు. "అవ్వా, పెన్నకు నీళ్ళొచ్చినప్పుడు మీరు అవతలికి ఎట్లా పోయేవాళ్ళు?" అని నేను అడిగినాను. చేతులు ఆగినాయి, కళ్ళు వాకిలి వైపు తిరిగినాయి, ఆమె అరవై ఏళ్ళు వెనక్కి పోయింది. ఆ చూపు కోసం ఇరవై క్లిక్కులు కొట్టినాను. అందులో ఒకటే గోడ మీద ఉంది.

మాట మధ్యలో కాదు, మాట అయిపోయిన మరుక్షణం నొక్కండి. మాట్లాడేటప్పుడు నోరు తెరుచుకుని వస్తుంది, ముగించినాక ముఖం మీద ఆ మాట తాలూకు నవ్వో దిగులో రెండు క్షణాలు నిలుస్తుంది. ఆ రెండు క్షణాలే మీవి. నవ్వకపోయినా ఫర్వాలేదు. నాకైతే మా అవ్వ నవ్వని ఫోటోలే ఎక్కువ ఆమెలా అనిపిస్తాయి.

కళ్ళద్దాల్లో వాకిలి తెల్లగా మెరిసి కళ్ళు కనబడకపోతే, అద్దాలు తీయించొద్దు. రోజూ పెట్టుకునేవాళ్ళు అవి తీస్తే వేరే మనిషిలా ఉంటారు. చెవుల మీది కొమ్ములు కొంచెం పైకెత్తితే అద్దం నేల వైపు వాలి మెరుపు తప్పుకుంటుంది. పిల్లల్ని తీసేటప్పుడు షట్టర్ 1/250 కన్నా వేగంగా ఉండాలి, లేకపోతే చేతులు మసకబారతాయి. అందుకు వాళ్ళని గడపకు ఇంకో అడుగు దగ్గరగా కూర్చోబెట్టండి.

అరగంట దాటితే ఆపేయండి. ముసలివాళ్ళకు వెన్ను నొప్పి పుడుతుంది, అది ముఖంలోకి వస్తుంది. మళ్ళీ ఇంకోరోజు అదే వేళకు అదే వెలుగు వస్తుంది.

దిద్దడం, ప్రింటు

ఆరోజే దిద్దొద్దు. మరుసటి రోజు చూస్తే ఏది మంచిదో వెంటనే తెలుస్తుంది. కళ్ళు పదునుగా ఉన్నవే ఉంచుకోండి. ఎడిటింగ్‌లో నేను చేసేవి మూడే: ఫోటో వంకరగా ఉంటే గడప గీతను చూసి తిన్నగా చేయడం, వెలుగు కొంచెం పెంచడం, తెల్ల పంచె తెల్లగా కనబడేంతవరకు రంగు సవరించడం. చర్మం జోలికి పోను. ఒక కాపీ నలుపు తెలుపులో కూడా పెట్టుకోండి, గోడ రంగు అంటుకున్న ఫోటోలకు అది బాగా పనికొస్తుంది.

ల్యాబ్‌కు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే అది నలిగి చిన్నదైపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4000 బై 3000 చుక్కలు. దాన్ని 12 బై 18 అంగుళాల సైజులో వేస్తే అంగుళానికి 222 చుక్కలు వస్తాయి, గోడ మీద పెట్టడానికి చక్కగా సరిపోతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఫోన్ ఫోటో కొలత 3 కి 4, ఈ ప్రింటు కొలత 2 కి 3. నిలువు ఫోటోకు రెండు పక్కలా కొంత తెగిపోతుంది. అందుకే తీసేటప్పుడే మోచేతుల పక్కన ఖాళీ వదలండి. 2ఎక్స్‌లో తీసినవి కొన్ని ఫోన్లలో తక్కువ చుక్కలతో ఉంటాయి, ఫోటో వివరాల్లోకి పోయి సైజు చూసుకున్నాకే పెద్ద ప్రింటుకు ఇవ్వండి.

ల్యాబ్‌లో మ్యాట్ కాగితం అడగండి. గ్లాసీ కాగితం మన పడసాలలో వాకిలికి ఎదురుగా పెడితే మెరుపే కనబడుతుంది, మనిషి కనబడదు. ఇంకా, "ముఖం తెల్లగా చేయొద్దన్నా, ఉన్నది ఉన్నట్టు వెయ్యండి" అని నోటితో చెప్పండి, కవరు మీద కూడా రాయించండి. చెప్పకపోతే మంచి చేస్తున్నామనుకుని తెల్లగా చేసేస్తారు. ముందు 4 బై 6లో ఒకటి వేయించి, పగటి వెలుగులో చూసి, నచ్చితేనే పెద్దది వేయించండి.

ప్రింటు వచ్చినాక వెనక వైపు మెత్తటి పెన్సిల్‌తో పేరు, ఊరు, తేదీ రాయండి. బాల్ పెన్ను వద్దు, దాని నొక్కు ముందు వైపు ముఖం మీద గీతలా లేస్తుంది. మా అవ్వ ఫోటో వెనక నేను ఇంకో వరస కూడా రాసినాను: పెన్న దాటిన సంగతి చెప్తున్నప్పుడు, పొద్దున పదింటికి.